వారానికి ఒక్క పీరియడ్ పిల్లల్ని మాట్లాడనివ్వండి: కడప జిల్లా ఇంగ్లీషు టీచర్లకు బహిరంగ లేఖ

కడప జిల్లా ప్రభుత్వ హైస్కూళ్లలో ఇంగ్లీషు చెప్పే సార్లకు, మేడమ్‌లకు,

నమస్కారం. నేనూ మీలాంటి టీచర్ల దగ్గర చదువుకున్నదాన్నే. మా నాయన ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత కడపలో డిగ్రీ, ఆ తర్వాత బెంగళూరులో ఏడేళ్లు కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం. నాయనకు ఒంట్లో బాగుండకపోవడంతో మూడేళ్ల కిందట కడపకు వచ్చేశాను. ఇప్పుడు ఇంటి నుంచే పని చేసుకుంటున్నాను. ఆదివారం సాయంత్రాలు మా వీధి పిల్లలు, దగ్గర్లోని హాస్టల్ పిల్లలు కొందరు మా మిద్దె మీదికి వస్తారు. రెండు గంటలు ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం. మామూలుగా పన్నెండు మంది, పరీక్షలు దగ్గరపడితే ముగ్గురో నలుగురో. వాళ్లందరూ మీ పిల్లలే.

మీ మీద ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఒకటి అడగడానికి రాస్తున్నాను. వారంలో ఒక్క ఇంగ్లీషు పీరియడ్‌లో పుస్తకం మూసి, పిల్లలు తమకు తెలిసిన విషయం గురించి తమ నోటితో మాట్లాడేలా చూడండి. ఎందుకు అడుగుతున్నానో కొంచెం వివరంగా చెప్పాలి.

మొదటి ఆదివారం పిల్లల్ని ఇంగ్లీషు నోటుబుక్కులు తెమ్మన్నాను. అందరివీ ఒకే తీరు. పేజీకి మూడు గళ్లు. ఒకదాంట్లో ఇంగ్లీషు పదం, ఇంకోదాంట్లో తెలుగు అర్థం, మూడో గడిలో అదే పదం ఐదుసార్లు. మైదుకూరు వైపు పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ఒక తొమ్మిదో తరగతి పాప పుస్తకంలో నాలుగు వందల పైచిలుకు పదాలున్నాయి. 'బెనవలెంట్' అంటే దయగల, 'మెటిక్యులస్' అంటే అతి జాగ్రత్తగల, 'ప్రాస్పెరిటీ' అంటే శ్రేయస్సు. చేతిరాత ముత్యాల్లా ఉంది. అప్పజెప్పమంటే ఒక్కటీ తప్పలేదు.

అదే పాపను "పోయిన వారం ఊరికి ఎందుకు పోయినావు?" అని ఇంగ్లీషులో అడిగాను. తల వంచుకుని నిలబడింది. తెలుగులో చెప్పమంటే చెప్పింది, ఇంటి దగ్గర పసుపు ఉడకబెడుతుంటే పోయిందంట. "పసుపు ఎట్లా ఉడకబెడతారో నాకు నిజంగా తెలీదు, వచ్చినంత ఇంగ్లీషులో చెప్పు, రాని చోట తెలుగు వాడుకో" అన్నాను.

"ఫస్ట్..." అంది, ఆగింది. "తవ్వడం" అంది. వెనక నుంచి ఒక పిల్లోడు "డిగ్" అని అందించాడు. "ఫస్ట్ వీ డిగ్. దెన్ మట్టి... మడ్ క్లీన్. దెన్ బిగ్ వెసల్, వాటర్, ఫైర్, కుక్..." కుక్ అనేసరికి తనకే నచ్చలేదు, నా వైపు చూసింది. "బాయిల్" అన్నాను. "యెస్, బాయిల్! దెన్ సన్ లో... డ్రై. ఫిఫ్టీన్ డేస్ డ్రై. దెన్ డ్రమ్ములో వేసి తిప్పుతాం, మెరుగు వస్తుంది..." అని ఆగిపోయింది. తెలుగులో ఏమంటారు దాన్ని అని అడిగాను. "పాలిష్ అంటాం అక్కా" అంది. అది ఇంగ్లీషే కదా అన్నాను. ఆ పాప ముఖం చూడాల్సింది. ఇంట్లో రోజూ అనే మాట ఇంగ్లీషని అప్పటిదాకా తనకు తట్టలేదు.

నిజానికి నాకూ తట్టలేదు. మా నాయన బతుకంతా పాలిష్ ఫ్యాక్టరీలోనే గడిచింది. ఒంటినిండా తెల్లటి రాతిపొడితో ఇంటికొచ్చేవాడు. ఆ మాట మా ఇంటి మాట అనుకున్నానే గానీ నాకు వచ్చిన ఇంగ్లీషు పదాల్లో దాన్ని ఏనాడూ లెక్కపెట్టుకోలేదు. మన పిల్లలు బడిలో అడుగుపెట్టకముందే వాళ్ల నోట ఉన్న మాటలు ఎన్నో చూడండి. బోరు, మోటరు, డ్రిప్పు, లోను, కరెంటు, టికెట్టు, డ్యూటీ, పంచరు, రిపేరు. వీటిని నోటుబుక్కులో రాయించరు, ఎందుకంటే అందరికీ వచ్చు కాబట్టి. అందరికీ వచ్చినవాటితోనే కదా మాట మొదలుపెట్టాల్సింది!

ఆ పాప ఆ రోజు నేర్చుకున్న 'డిగ్', 'బాయిల్', 'డ్రై' ఇప్పటికీ మర్చిపోలేదు. వాటిని ఒక్కసారి కూడా రాయలేదు. చెప్పాలనుకున్న మాట నోట్లో ఆగిపోయిన క్షణంలో దొరికాయి గనక నిలిచిపోయాయి. దాహం వేసినప్పుడు దొరికిన నీళ్లు గుర్తుండవా?

ఇప్పుడు నా సంగతి చెప్తాను. బెంగళూరులో ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది. ఒక కంపెనీకి వచ్చే ఫిర్యాదులు చూసే టీమ్ మాది. కస్టమర్లు ఫారాలు తప్పుగా నింపి పంపుతున్నారని మీటింగ్ పెట్టారు. నాకు ఒక ఆలోచన ఉంది. ఫారం పంపించి తప్పులు వచ్చాక తిప్పిపంపే బదులు, పంపేముందే ఒక్క ఫోన్ చేసి చెప్తే సరిపోతుంది కదా అని. ఫారం, ఫోన్, తప్పు, కస్టమర్, అన్నీ ఇంగ్లీషులో వచ్చు నాకు. ఎక్కడ ఇరుక్కుపోయానో తెలుసా? 'బదులు' దగ్గర. 'ఇన్‌స్టెడ్ ఆఫ్' అనే రెండు ముక్కలు నోటికి రాలేదు. ఆ మాట చదివాను, ఖాళీలు పూరించండి కింద మార్కులూ తెచ్చుకున్నాను. అందరూ నా వైపు చూస్తుంటే చేతులు చెమటలు పట్టాయి. "నథింగ్ సార్" అని కూర్చున్నాను. ఐదు నిమిషాల తర్వాత నా పక్క కుర్చీ అతను అదే ఆలోచన చెప్పాడు. ఇంకో నెలకు అతను టీమ్ లీడర్ అయ్యాడు.

ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను. అతని మీద కోపంతో కాదు. డిగ్రీలో ఇంగ్లీషులో డెబ్బై ఎనిమిది మార్కులు తెచ్చుకున్న నేను ఒక్క వాక్యం చెప్పలేకపోయానని.

అప్పటినుంచి ఏ మాటలు లేక నోరు ఆగిపోతుందో గమనించడం మొదలుపెట్టాను. పెద్ద మాటలు కానే కావు అవి. 'మెటిక్యులస్' రాకపోతే 'వెరీ కేర్‌ఫుల్' అని గట్టెక్కొచ్చు. కానీ 'అన్‌లెస్' రాకపోతే వాక్యమే నిలబడదు. 'వాన పడకపోతే మావాళ్లు చెనిక్కాయ విత్తరు' అనే మాట మన పిల్లలకు ఊపిరి తీసుకున్నంత సులువు. 'అవర్ పీపుల్ డోంట్ సో గ్రౌండ్‌నట్స్ అన్‌లెస్ ఇట్ రెయిన్స్' అనడానికి ఆ ఒక్క ముక్కే అడ్డం. 'ఈవెన్ దో', 'ఇట్ డిపెండ్స్', 'ఐ డోంట్ థింక్ సో', 'వాట్ డూ యూ మీన్?', 'కెన్ యూ సే దట్ అగైన్?', 'ఫర్ ఎగ్జాంపుల్'. నలుగురిలో కూర్చుని ఒక ఆలోచన పంచుకోవాలంటే, ఎదుటివాడి మాట ఒప్పుకోవాలన్నా, కాదనాలన్నా, అర్థం కాలేదని అడగాలన్నా కావాల్సినవి ఇవే. మీ పిల్లల నోటుబుక్కులు ఒక్కసారి తిరగేయండి. ఇవి కనిపించవు. అర్థం రాయడానికి వీల్లేని మాటలు కదా, మూడు గళ్లలో ఇమడవు.

ఎన్ని పదాలు వస్తే చాలు అని పిల్లలు నన్ను ఎప్పుడూ అడుగుతారు. టీవీలో, ఫోన్‌లో ప్రకటనలు చూసి పదివేల పదాలు కావాలేమో అని వాళ్లకు టెన్షన్. మైకేల్ వెస్ట్ అని ఒకాయన ఢాకాలో టీచర్ల ట్రైనింగ్ కాలేజీలో పనిచేస్తూ బెంగాలీ పిల్లలకు ఇంగ్లీషు ఎట్లా నేర్పాలా అని ఏళ్ల తరబడి ఆలోచించాడు. ఆయన 1953లో అచ్చువేసిన జాబితాలో ఉన్నవి సుమారు 2,000 మూల పదాలే. మామూలుగా అచ్చులో కనిపించే ఇంగ్లీషులో ఐదింట నాలుగు వంతుల దాకా ఆ పదాలే ఉంటాయని తర్వాత లెక్కలు కట్టినవాళ్లు తేల్చారు. మాట్లాడేటప్పుడు వాటి వాటా ఇంకా ఎక్కువ. ఇది చెప్పినప్పుడు మా మిద్దె మీద పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు. అందులో సగం వాళ్లకు ఇప్పటికే వచ్చు, నోటికి అలవాటు కాలేదు అంతే.

ఇంకొక చిక్కు ఉంది. ఒక తెలుగు మాటకు ఒక ఇంగ్లీషు మాట అని గడి కట్టి రాస్తాం. భాషలు అట్లా జతలు జతలుగా ఉండవు. మన 'చెప్పు' ఒక్కదానికి వాళ్లు 'సే', 'టెల్', 'స్పీక్' అని మూడు వాడతారు. అందుకే పిల్లలు 'సే మీ' అంటారు. మన 'చూడు' వాళ్లకు 'సీ', 'లుక్', 'వాచ్'. మనం అప్పు ఇస్తాం, అప్పు తీసుకుంటాం, రెండింటికీ అప్పే. వాళ్లకు ఇచ్చేది 'లెండ్', తీసుకునేది 'బారో'. మనకు ఆకలి వేస్తుంది, వాళ్లు ఆకలిగా ఉంటారు. ఇక 'ఎన్నో' సంగతి. "మీ జేజికి మీ నాయన ఎన్నో కొడుకు?" అన్న ప్రశ్నను ఇంగ్లీషులోకి మార్చమని ఒక ఆదివారం పిల్లలకు ఇచ్చాను. అరగంట కొట్టుకున్నారు. మాటకు మాట పెడితే రాదు. చివరికి ఒక పిల్లోడు "హౌ మెనీ సన్స్ డజ్ యువర్ గ్రాండ్‌మదర్ హ్యావ్? ఈజ్ యువర్ ఫాదర్ ది ఎల్డెస్ట్?" అని రెండు ప్రశ్నలు చేసి అడిగాడు. ఎవరూ చెప్పకుండా వాడంతట వాడే! ఇంగ్లీషు తెలిసినవాళ్లు చేసేదీ అదే. ఆ రోజు వాడు నేర్చుకున్నది ఏ పద పట్టికలోనూ దొరకదు.

మన ఊళ్లోనే ఒకాయన భాష ఎట్లా నేర్చుకున్నాడో చూడండి. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చేనాటికి ఆయనకు ఇరవై రెండేళ్లు కూడా నిండలేదు. మద్రాసులో తెలుగు మొదలుపెట్టినా, భాష మీద మనసు పడింది ఈ గడ్డ మీదే. ఇక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితుల్ని పెట్టుకుని తాటాకు పుస్తకాలకు ప్రతులు రాయించారు. 1829లో వేమన పద్యాలు ఇంగ్లీషు తాత్పర్యంతో అచ్చువేయించారు. 1852లో వచ్చిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మనకు తెలిసిందే. పండితులు గ్రామ్యమని పక్కనపెట్టిన మాటల్ని కూడా ఆయన అందులోకి తెచ్చుకున్నారు. ఒక మాట ఇచ్చి ఊరుకోకుండా, జనం దాన్ని ఎట్లా పలుకుతారో ఆ పలుకుబళ్లతో సహా ఇచ్చారు. కడపలో ఆయన బంగళా ఉన్నచోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. మీలో చాలామంది పిల్లల్ని అక్కడికి తీసుకుపోయే ఉంటారు.

బ్రౌన్ దొరకు పండితులున్నారు. మా చిన్నమ్మకు ఎవరూ లేరు. ఐదో తరగతితో బడి మానేసి, పెళ్లయ్యాక అప్పులు తీర్చడానికి కువైట్ పోయింది. ఎనిమిదేళ్లు ఇంటిపని చేసింది. అరబ్బీ, ఇంగ్లీషు రెండూ కలిపి మాట్లాడేస్తుంది. పక్కింట్లో పనిచేసే ఫిలిప్పీన్స్ ఆమెతో కష్టసుఖాలు చెప్పుకున్నది ఇంగ్లీషులోనే. ఇద్దరికీ వేరే దారి లేదు. స్పెల్లింగ్ అడిగితే చిన్నమ్మకు ఒక్కటీ రాదు. కానీ ఆ ఇంగ్లీషుతో ఆమె జీతం బాకీ అడిగి తీసుకుంది. జ్వరం వస్తే డాక్టరుకు చెప్పుకుంది.

మీ ఇబ్బందులు నాకు తెలియనివి కావు. ఒక్కో తరగతిలో నలభై, యాభై మంది. సిలబస్ పూర్తి కాకపోతే పైనుంచి అడుగుతారు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష అంతా రాతే, నోటి మాటకు చోటు లేదు. మార్కులు తగ్గితే మాట పడేది మీరు. పాఠం చెప్పడం కాక మీకున్న మిగతా పనుల గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే రోజూ అని అడగడం లేదు. వారానికి ఒక్క పీరియడ్, నలభై అయిదు నిమిషాలు.

ఆ పీరియడ్‌లో దయచేసి 'మై హాబీ', 'మై బెస్ట్ ఫ్రెండ్' ఇవ్వకండి. వాటికి గైడ్లలో జవాబులున్నాయి, బట్టీ పట్టుకొస్తారు. వాళ్లకు తెలిసి మీకు తెలియని విషయం అడగండి. సంగటి కెలికేది ఎట్లా, బోరు ఎండిపోతే ఏం చేస్తారు, పెన్నకు నీళ్లొస్తే మీ ఊళ్లో ఎట్లా ఉంటుంది, గొర్రెలకు జబ్బు చేసిందని ఎట్లా కనిపెడతారు. టీచరుకు నిజంగానే తెలియదని పిల్లలకు తెలిస్తే చెప్పే ఉత్సాహం వేరుగా ఉంటుంది. మాట ఆగిన చోట మాత్రమే ఆ మాట అందించండి, బోర్డు మీద రాయండి. ముందే పది పదాలు రాసి వీటితో మాట్లాడండి అంటే మళ్లీ అప్పజెప్పడమే అవుతుంది. ఆ రోజు బోర్డు మీద చేరిన మాటలతో ఇంటి దగ్గర తన సొంత వాక్యం ఒకటి రాసుకురమ్మనండి. ఐదుసార్లు స్పెల్లింగ్ కన్నా ఆ ఒక్క వాక్యమే ఎక్కువ పనిచేస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, మధ్యలో తప్పు దిద్దకండి. దీని గురించి ఒక్క సంఘటన చెప్పాలి.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలైనప్పుడు, పొద్దున్నే బడి మంచిదా కాదా అని మాట్లాడుకున్నాం. అందరూ మంచిదే అన్నారు, ఎండ తగలదు అన్నారు. ఒక ఎనిమిదో తరగతి పిల్లోడు, ఎప్పుడూ నోరు తెరవనివాడు, చెయ్యెత్తాడు. "మార్నింగ్ స్కూల్ గుడ్. బట్ మార్నింగ్ వాటర్ కమింగ్. మదర్ గో వర్క్. ఐ ఫిల్." అన్నాడు. వాళ్ల వీధిలో కుళాయి నీళ్లు పొద్దున ఆరున్నరకు వస్తాయి. అమ్మ ఐదు గంటలకే పనికి పోతుంది. బిందెలు నింపేది వాడే. ఒంటిపూట బడి పెడితే వాడికి నీళ్లు ఉండవు, లేదా మొదటి పీరియడ్ ఉండదు. మిద్దె మీద అందరూ నిశ్శబ్దమైపోయారు. అప్పటిదాకా మాలో ఎవరికీ, నాకు కూడా, ఆ ఆలోచనే రాలేదు.

వాడు 'వాటర్ కమింగ్' అన్నప్పుడే "ఈజ్ కమింగ్ అనాలి" అని నేను అడ్డుపడి ఉంటే ఆ మూడో వాక్యం, నాలుగో వాక్యం బయటికి వచ్చేవి కావు. ఆ మాట నా నోటి చివరి దాకా వచ్చింది, ఒప్పుకుంటాను, అడ్డుపడబోయాను. పక్కనున్న పాప నా చెయ్యి పట్టుకుని ఆపింది. వాడు చెప్పడం అయిపోయాక "చాలా మంచి మాట చెప్పావు, ఇప్పుడు దీన్ని అందరం కలిసి ఇంకోసారి చెప్దామా" అన్నాను. 'ది వాటర్ కమ్స్ ఇన్ ది మార్నింగ్. మై మదర్ గోస్ టు వర్క్, సో ఐ ఫిల్ ది పాట్స్.' మూడుసార్లు చెప్పించాను. మరుసటి వారం వాడంతట వాడే 'కమ్స్' అన్నాడు.

ఇంగ్లీషులో నోరు తెరిస్తే "ఫోజు కొడుతున్నాడు" అని వెక్కిరించడం మన తరగతుల్లో ఉంది. ఆ వెక్కిరింతను ఆపగలిగేది మీరొక్కరే. నేను వీధి అక్కను, నా మాటకు అంత బరువు ఉండదు. తరగతిలో ఒక తప్పు వాక్యాన్ని మీరు నవ్వకుండా, శ్రద్ధగా చివరిదాకా వింటే, మిగతా నలభై మందికి అదే ఒక ధైర్యం. అట్లాగే మధ్యలో తెలుగు దొర్లితే తిట్టకండి. ఆలోచన పుట్టేది తెలుగులో. దానికి దారి మూసేస్తే ఇంగ్లీషులోకి రావడానికి ఏమీ మిగలదు.

ఇప్పటికే ఇట్లా చెప్పే టీచర్లు మన జిల్లాలో ఉన్నారని నాకు తెలుసు. మా పిల్లల్లో ఇద్దరు వాళ్ల మేడమ్ గురించి చెప్తుంటే కళ్లు మెరుస్తాయి. ఆమె ప్రతి శనివారం చివరి పీరియడ్‌లో పాఠం ఆపి, ఊరి వార్తలు ఇంగ్లీషులో చెప్పిస్తారంట. అట్లాంటివాళ్లు మీ నెలవారీ స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో తమ అనుభవం మిగతావాళ్లకు చెప్తే బాగుంటుంది. హెడ్మాస్టర్లు ఆ పీరియడ్‌ను టైం టేబుల్‌లో రాసి పెడితే ఇంకా మంచిది. టైం టేబుల్‌లో లేనిది పరీక్షల కాలంలో మొదట ఎగిరిపోతుంది.

మా మిద్దె చిన్నది, పన్నెండు మందికి మించి పట్టరు. మీ తరగతి గదులు పెద్దవి.

వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి మా పసుపు పాప చెనిక్కాయల గురించి మాట్లాడతానంది. వాళ్ల నాయన ఈసారి పసుపు మానేసి చెనిక్కాయ వేస్తాడంట, ఎందుకో చెప్తుందంట. దానికి 'ఇన్‌స్టెడ్ ఆఫ్' కావాలని తనే అడిగి రాసుకుపోయింది. మీలో వీలైనవాళ్లు ఒక గంట వచ్చి కూర్చోండి. వెనక బెంచీలో మాట్లాడని మీ పిల్లోడిని ఒకడిని కూడా వెంట తీసుకురండి.

గౌరవంతో,
మీ బళ్లలో చదువుకున్న ఒక విద్యార్థిని,
కడప